టెన్షన్ సంగతి సరే, అన్నయ్యతో మాట్లాడారా?

బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్న ఒకాయన రాసిన ఉత్తరం ఇది. వయసు 39, సొంతూరు మదనపల్లె దగ్గర, ఉద్యోగం వైట్‌ఫీల్డ్‌లో. "మేడమ్, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే మళ్ళీ నిద్ర పట్టదు. ఉద్యోగం తీసేస్తారేమో, పాప స్కూలు ఫీజు, ఎండాకాలం వస్తే ట్యాంకర్ నీళ్ళు, ఒకదాని తర్వాత ఒకటి. మా ఆవిడ డాక్టర్ దగ్గరికి వెళ్దాం పదండి అంటోంది. నాకేమో టెన్షన్ పడబట్టే ఇంతవాణ్ణయ్యాను, మానేస్తే బాధ్యత లేనివాణ్ణైపోతానని భయం. అసలు టెన్షన్ మనిషికి మంచిదా, చెడ్డదా?" అని అడిగారు. చివర్లో ఇంకో ముక్క కూడా రాశారు. "మా అన్నయ్య షాపు లోన్‌కి జామీను సంతకం పెట్టాను, ఈమధ్య బ్యాంకువాళ్ళు నాకే ఫోన్ చేస్తున్నారు, ఇంట్లో చెప్పలేదు, ఆ సంగతి వేరే."

వేరే ఎలా అవుతుందండీ?

మీరడిగినదానికి జవాబు చెప్పేసి అసలు విషయానికి వస్తాను. కొంచెం టెన్షన్ మంచిదే, ఎక్కువైతే చెడ్డది. 1908లోనే యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు సైకాలజీవాళ్ళు చిట్టెలుకలకు కరెంటు షాక్ ఇచ్చి మరీ చూశారు. తేలిక పనైతే షాక్ పెరిగేకొద్దీ త్వరగానే నేర్చుకున్నాయట, పని కష్టమైనప్పుడు మాత్రం షాక్ ఓ మోతాదు దాటాక వెనకబడ్డాయి. మీ ముందున్నది కష్టమైన పనే, అందుకే చెప్తున్నాను.

టెన్షన్ పడబట్టే ఇంతవాణ్ణయ్యాను అన్నారు చూడండి, అది నేను ఒప్పుకోను. భయపడినవాటిలో చాలా వరకు జరగవు, జరగనప్పుడల్లా ఆ ఘనత టెన్షన్ ఖాతాలో వేసేస్తాం, చదివిన చదువు, చేసిన పని మాత్రం లెక్కలోకి రావు. మూడింటికి లేచి ఉద్యోగం గురించి ఆలోచించారు సరే, తెల్లారేసరికి చేతిలో ఏం మిగిలింది? రెజ్యూమె సర్దారా? ఆరు నెలల ఖర్చుకు డబ్బు పక్కన పెట్టారా? ఏదో ఒక పని చేయించే దిగులైతే పనికొచ్చినట్టే. మీది అలా లేదు. మీ చేతిలో లేని నీళ్ళ గురించీ, కంపెనీ గురించీ రాత్రంతా ఆలోచిస్తున్నారు, ఎందుకంటే అలా ఆలోచిస్తున్నంతసేపూ చేతిలో ఉన్న ఒకే ఒక్క పని, అన్నయ్యకు ఫోన్ చేయడం, గుర్తు రాకుండా ఉంటుంది. దిగులు తప్పించుకునే దారి కూడా అవుతుందని సైకాలజీవాళ్ళు ఎప్పటినుంచో చెప్తున్నారు.

ఉత్తరం మొత్తం వెతికాను, అన్నయ్యతో మాట్లాడాను అన్న మాట ఎక్కడా లేదు. ఆయన మీకోసం చదువు మానుకుని ఉండొచ్చు, మీ పెళ్ళి పందిరి దగ్గర్నుంచి అప్పగింతల దాకా అన్నీ తన మీద వేసుకుని ఉండొచ్చు. ఆ ఋణం కాదనను. తీర్చుకోవాలనుకుంటే దర్జాగా తీర్చుకోండి, భార్యకు చెప్పి, ఇంత ఇవ్వగలను అని అన్నయ్యకు ముఖం మీద చెప్పి. నోరు మూసుకుని లోపల ఉడికిపోవడం పెద్దరికానికిచ్చే గౌరవం కాదు. నలభై దాటిన మనిషిని, నిజం చెబితే తట్టుకోలేడని చిన్నపిల్లాడిలా చూడటం అది. నాకైతే అదే పెద్ద అవమానం అనిపిస్తుంది.

పైగా ఇదేమీ తమ్ముడి మొహమాటంతో ఆగే వ్యవహారం కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. ముందు అన్నయ్య మీద పడి, అక్కడ రాకపోతేనే మీ దగ్గరికి రావాలని బ్యాంకుకు నియమం లేదు. కిస్తీ బాకీ 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీల్లోకి పోతుంది, మీ సిబిల్ స్కోరూ దెబ్బతింటుంది. మీరు కట్టిన సొమ్ము అన్నయ్య దగ్గర రాబట్టుకునే హక్కు కూడా అదే చట్టంలో ఉంది, మీరు దాని జోలికి పోరని నాకు తెలుసులెండి.

ముందు మీ ఆవిడకు చెప్పండి, ఈ రాత్రే. పక్కన మనిషి మూడింటికి లేచి పైకప్పు చూస్తూ పడుకుంటే, ఆమె గుండెజబ్బేమో, ఇంకేదో ఉందేమోనని హడలిపోతోంది, అందుకే డాక్టర్ అంటోంది. ఆవిడ కోప్పడుతుంది, రెండు రోజులు మాట్లాడదు. ఆ హక్కు ఆమెకుంది. బ్యాంకు నోటీసు ఇంటికొచ్చి, కవరు చించి ఆమే చదువుకున్న రోజున పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తర్వాత శనివారం చూసుకుని హోస్కోట, చింతామణి మీదుగా ఊరికి వెళ్ళండి. ఫోన్లో వద్దు, వదిన ముందూ పిల్లల ముందూ అసలు వద్దు. షాపు మూసే వేళకు వెళ్ళి, షట్టర్ సగం దించాక కూర్చుని, "అన్నా, బ్యాంకువాళ్ళు నాకు ఫోన్ చేస్తున్నారు, ఎన్ని కిస్తీలు ఆగాయి?" అని అడగండి. ఆ ఒక్క వాక్యం చాలు, ముందు ఉపోద్ఘాతం అక్కర్లేదు. లెక్క తేలాక ఇద్దరూ కలిసి సోమవారం బ్యాంకుకు వెళ్ళి గడువు పెంచమని, కిస్తీ తగ్గించమని అడగొచ్చు, 90 రోజులు దాటకముందు అడిగితే వినే అవకాశం ఎక్కువ.

ఇదంతా అయ్యాక కూడా నిద్ర రాకపోతే, లేదా ఈ దిగులు ఆరు నెలలుగా దాదాపు రోజూ ఉంటే, మీ ఆవిడ మాట వినండి. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకోండి, అది ఎక్కువైనా గుండె దడ, కంగారు ఉంటాయి. హోసూరు రోడ్డులో మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది, అక్కడికెళ్తే ఎవరేమనుకుంటారో అని చూడకండి. వెళ్ళలేకపోతే 14416కు ఫోన్ చేయండి, అది మనసు బాగోలేనివాళ్ళ కోసం 2022లో ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అన్నయ్య ఆ రాత్రి గొంతు పెంచితే పెంచనివ్వండి, మీరు పెంచకండి. అలిగి అన్నం తినకుండా మాత్రం బస్సెక్కేయకండి, మీ వదిన నొచ్చుకుంటుంది.