తెలిసిన సూపర్‌హీరోనే మళ్ళీ తీసినా కొత్తగా అనిపించిన సినిమా ఏది?

సూపర్‌మ్యాన్ కథ చిన్న పిల్లలకు కూడా తెలుసు, మళ్ళీ మొదటి నుంచి తీస్తే ఎందుకు చూడాలి అని అడిగారు. 2025లో జేమ్స్ గన్ తీసిన ‘సూపర్‌మ్యాన్’ కోసమైతే తప్పకుండా చూడాలి. నేను శ్రీకాకుళంలో నాన్నగారితో కలిసి తెలుగు డబ్బింగ్‌లో చూశాను.

1978లో క్రిస్టఫర్ రీవ్ సినిమాలోనూ, 2013లో హెన్రీ కావిల్ సినిమాలోనూ క్రిప్టాన్ గ్రహం పేలిపోవడం, పసివాణ్ణి భూమికి పంపేయడం చూసేశాం. గన్ ఆ భాగమంతా ఎత్తేశాడు. తెర మీద కొన్ని వాక్యాలు వేసి, మూడు నిమిషాల క్రితం సూపర్‌మ్యాన్ మొదటిసారి ఓడిపోయాడని చెప్పి, అతన్ని మంచులో దబ్బున పడేస్తాడు. నెత్తురు కక్కుతూ ఈల వేస్తే, క్రిప్టో అనే కుక్క వచ్చి ఒళ్ళు హూనమైన మనిషి మీదెక్కి గెంతుతుంది. నాన్నగారికి సూపర్‌మ్యాన్ అంటే 1980 నాటి ఎన్టీఆర్ సినిమాయే. “ఏట్రా, ఈడు మొదట్లోనే తన్నులు తిన్నాడేటి?” అన్నారు. ఆ తర్వాత ఆయన దృష్టి తెర మీద నుంచి కదల్లేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఫైట్ కాదు, విలేకరి, ప్రియురాలు అయిన లోయిస్ ఇంట్లో జరిగే ఇంటర్వ్యూ. క్లార్క్, అంటే మామూలు మనిషి వేషంలోని సూపర్‌మ్యాన్, ఆమె కోసం వంట చేస్తాడు. ఆమె రికార్డర్ ఆన్ చేసి, వేరే దేశాల యుద్ధంలో ఎవర్ని అడిగి దూరావని నిలదీస్తుంది. మొదట నవ్వుతూ జవాబిచ్చినవాడికి మెల్లగా కోపం వస్తుంది, జనం చచ్చిపోయేవారని అరుస్తాడు. బిల్డింగులు మోసే బలం ఆ గదిలో ఎందుకూ పనికిరాదు. డేవిడ్ కోరెన్‌స్వెట్, రేచెల్ బ్రోస్నహాన్ ఇద్దరూ ఆ సీన్ ప్రాణం పెట్టి చేశారు.

ఇక కాన్సస్ పల్లెలో ఉన్న పెంపుడు తల్లిదండ్రులు. స్పీకర్ ఫోన్‌లో ఒకరి మాట మీద ఒకరు గట్టిగా అరుస్తూ కొడుకుతో మాట్లాడతారు. మా జిల్లాలో పిల్లలు హైదరాబాదుకో చెన్నైకో వలసపోయిన ఇళ్ళలో ఫోన్ మాటలు అచ్చం ఇలాగే ఉంటాయి. సినిమా చూడనివాళ్ళు తర్వాతి రెండు వాక్యాలు వదిలేయండి. కన్నవాళ్ళు పంపిన సందేశంలో అతను అప్పటిదాకా వినని మిగతా సగం, భూమిని ఏలమని. అది విని కుంగిపోయినవాడికి, నువ్వేంటో నువ్వు చేసే పనులే చెబుతాయని పెంచిన తండ్రి ధైర్యం చెబుతాడు.

లోపాలు లేవని కాదు. విలన్ లూథర్ సృష్టించిన పాకెట్ యూనివర్స్, అంటే వేరే చిన్న విశ్వం, అందులో జరిగే భాగం సాగింది, పాత్రలు కూడా ఎక్కువే. పుట్టుపూర్వోత్తరాలు వదిలేసిన ఇంకో మంచి సినిమా కావాలంటే 2022 నాటి ‘ది బ్యాట్‌మ్యాన్’ ఉంది, అందులోనూ అమ్మానాన్నల హత్య చూపించరు. కాకపోతే అది చీకటి కథ, మూడు గంటల దాకా ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చుని చూడాలంటే మాత్రం ‘సూపర్‌మ్యాన్’ పెట్టండి, పాత భాగాలేవీ చూడక్కర్లేదు.