ఫైబర్ కేబుల్‌ను మనిషి ఎత్తు లోతులో ఎందుకు పాతుతారు?

ముఖ్యంగా, తర్వాత ఎవరో తవ్వినప్పుడు తెగకుండా ఉండటానికి. మన దేశంలో బీఎస్ఎన్ఎల్ వంటి సంస్థలు మామూలు నేలలో పాటించే ప్రామాణిక లోతు 1.65 మీటర్లు.

కేబుల్‌ను నేరుగా మట్టిలో వేయరు. ముందు గట్టి ప్లాస్టిక్ గొట్టం పరిచి, అందులోకి కేబుల్‌ను పంపుతారు. ఆ గొట్టం తేమను, రాళ్ల ఒత్తిడిని తట్టుకుంటుంది కానీ, జేసీబీ పళ్లను ఆపలేదు. వాటి నుంచి కాపాడేది లోతే. నీటి పైపుల కోసమో, స్తంభాల కోసమో తవ్వే గుంతలు చాలావరకు అంత కిందికి పోవు.

హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నట్టు గ్రానైట్ రాయి తగిలితే? అక్కడ లోతు తగ్గించి, ఆ లోటు పూడ్చడానికి ఇనుప గొట్టం లేదా కాంక్రీటు తొడుగు వేస్తారు. పని త్వరగా తేల్చాలని తొడుగు లేకుండానే పైపైన పాతేస్తే తెగడం ఖాయం.

షాక్ కొడుతుందనే అంత లోతులో పెడతారని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు: గాజు పోగుల్లో ప్రయాణించేది కాంతి, కరెంటు కాదు. కేబుల్‌కు పైన, మట్టిలో కొంత ఎత్తున పరిచే రంగు టేపు కూడా రక్షణ కవచం కాదు. తవ్వేవారిని అక్కడే ఆగమనే హెచ్చరిక మాత్రమే.