ఇంగ్లిష్ సందేహాలు: ‘గుడ్ జాబ్’ ఎవరితో అనవచ్చు?

ప్రశ్న: బీటెక్ చివరి సంవత్సరం చదువుతూ ఇంగ్లిష్ భాషా పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కు సిద్ధమవుతున్నాను. ప్రశంస, బంధుత్వాలు, టెక్నాలజీ అనే శీర్షికల కింద కోచింగ్‌లో ఇచ్చిన ఇడియమ్స్ జాబితాను రాత్రంతా కూర్చుని బట్టీ పట్టినా, వారం తిరిగేసరికి సగం కూడా గుర్తుండడం లేదు. నమూనా ఇంటర్వ్యూ ముగిశాక ‘గుడ్ జాబ్, సర్’ అంటే అక్కడున్నవాళ్లు నవ్వారు. అందులో తప్పేముంది? ఇడియమ్స్ ఎక్కువగా వాడితే మార్కులు పెరుగుతాయా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వ్యాకరణపరంగా మీ మాటలో దోషం లేదు. అయితే పాఠం బాగా చెప్పిన ప్రొఫెసర్‌ దగ్గరికి వెళ్లి ‘శభాష్ సార్’ అని మనం అనం కదా! ‘శభాష్’ పెద్దలు పిన్నలతోనో, ఈడువాళ్లు తమలో తామో అనుకునే మాట. ‘గుడ్ జాబ్’, ‘వెల్ డన్’, ‘కీప్ ఇట్ అప్’ కూడా చాలావరకు ఆ కోవలోవే. పెద్దలను మెచ్చుకోవలసి వచ్చినప్పుడు, వారి పని ఎలా ఉందో మనం తేల్చి చెప్పడం కంటే, దానివల్ల మనకు కలిగిన మేలును చెప్పడం మర్యాదగా ఉంటుంది: ‘ఐ లెర్న్‌డ్ ఎ లాట్ ఫ్రమ్ యువర్ లెక్చర్, సర్.’ ఒకరి గురించి పదిమంది దగ్గర గొప్పగా చెబుతుంటే ‘సింగింగ్ హర్ ప్రెయిజెస్’ అంటారు. ‘బటర్ అప్’ను మాత్రం ప్రశంసల జాబితాలో చేర్చినవారిని ఏమనాలో తెలియదు, ఎందుకంటే అది పని జరిపించుకోవడానికి మునగచెట్టు ఎక్కించడం. ‘పల్లెటూరి నుంచి వచ్చినా ఇంగ్లిష్ బాగానే మాట్లాడుతున్నావే’ అని ఎవరైనా అంటే, పైకి మెప్పులా ఉండి లోపల ముల్లు దాచుకున్న ఆ మాట ‘బ్యాక్‌హ్యాండెడ్ కాంప్లిమెంట్’. మన అలంకారశాస్త్రంలోని వ్యాజస్తుతికి దగ్గరి చుట్టం.

మరచిపోవడం గురించి దిగులు పడకండి. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, తన మరపును తానే కొలిచి, ఆ ఫలితాలను 1885లో ప్రచురించారు. నేర్చినదానిలో చాలా భాగం మొదటి గంటల్లోనే జారిపోతుందనీ, ఒకే రోజున వల్లించడం కంటే కొన్ని రోజుల మీద పంచుకుని వల్లిస్తే తక్కువ శ్రమతో నిలుస్తుందనీ ఆయన చూపారు. విడి ఇడియమ్ కూడా సందర్భం తెలియనంతకాలం అర్థం లేని అక్షరాల గుంపు వంటిదే. కాబట్టి రోజుకు నాలుగైదు మాత్రమే తీసుకుని, ఒక్కొక్కదానికి ఎవరు, ఎవరితో, ఎప్పుడు అంటారో తెలిసేలా మీ ఇంటికో కాలేజీకో సంబంధించిన పూర్తి వాక్యం రాసుకుని, మరునాడు, మూడోనాడు, వారం తరువాత ఆ పుస్తకం తిరగేయండి.

ఇక మార్కుల సంగతి. పదకొండు నుంచి పద్నాలుగు నిమిషాల స్పీకింగ్ పరీక్షలో ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగింటికీ సమాన ప్రాధాన్యం ఉంటుంది. ఇడియమ్స్ ఆ పదసంపదలో ఒక భాగం మాత్రమే. చోటు కుదిరిన రెండు చాలు.

ప్రశ్న: ‘దే గెట్ ఆన్ లైక్ ఎ హౌస్ ఆన్ ఫైర్’ అన్న వాక్యానికి మా తొమ్మిదో తరగతి పిల్లలందరూ ‘ఎప్పుడూ కొట్లాడుకుంటారు’ అని అర్థం రాశారు. అలాగే ‘కో-బ్రదర్’ అని రాస్తే దిద్దాలా?
– ఒక ఉపాధ్యాయుడు, జనగామ

జవాబు: పిల్లలను తప్పుపట్టలేం. మనకు ఇల్లు అంటుకోవడం జగడమే, పడనివాళ్లది ఉప్పూ నిప్పూ వ్యవహారమే. ఇంగ్లిష్ వారు మాత్రం మంట అంటుకునే వేగాన్ని చూశారు. ఇద్దరికి పరిచయం కాగానే చెప్పలేనంత స్నేహం కుదిరితే ఈ మాట వాడతారు. పిల్లలు అనుకున్న అర్థానికి ‘ఎట్ లాగర్‌హెడ్స్’ ఉంది. ఈ పాఠంలో ఇడియమ్స్ కంటే క్రియలకు ఎక్కువ సమయం ఇమ్మని నా సలహా: తగవు పడితే ‘ఫాల్ ఔట్’, మళ్లీ కలిసిపోతే ‘మేక్ అప్’, తగవేమీ లేకుండానే రాకపోకలు తగ్గి దూరమైతే ‘డ్రిఫ్ట్ అపార్ట్’. పెద్దన్న పట్నం పోయాక ఏమైందో ఈ మూడింటితో ఏ పిల్లవాడైనా రాయగలడు.

‘కో-బ్రదర్’ మన దేశపు ఇంగ్లిష్‌లో స్థిరపడిన మాట కాబట్టి కొట్టివేయనక్కరలేదు కానీ, బయటి దేశాలవారికి అది తెలియదని చెప్పండి. మన సడ్డకునికి, యారాలికి ఇంగ్లిష్‌లో వాడుకలో ఉన్న ప్రత్యేకమైన పేర్లు లేవు. ‘మై వైఫ్స్ సిస్టర్స్ హజ్బెండ్’ అని వరస విప్పి చెప్పడమే మార్గం. మేనబావైనా, బాబాయి కొడుకైనా అక్కడ ‘కజిన్’ ఒక్కటే.

ప్రశ్న: టెక్నాలజీ మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే వాడుతున్నాం. ఇంకా కొత్తగా నేర్చుకోవలసిందేముంది?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: పేర్లు మన దగ్గర ఉన్నాయి, క్రియలే తారుమారవుతాయి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో ఫోన్ హ్యాంగ్ అయిందని చెప్పబోయి ‘ఐ హంగ్ అప్’ అన్నారనుకోండి, కావాలనే కాల్ కట్ చేశానని చెప్పినట్టవుతుంది. రిసీవర్‌ను కొక్కేనికి తగిలించి మాట ముగించే పాత ఫోన్ల కాలం నుంచి వచ్చిన వాడుక అది. ‘మై ఫోన్ ఫ్రోజ్’ అనండి. ఛార్జింగ్ అయిపోతే ‘మై ఫోన్ డైడ్’, సిగ్నల్ అందక మాట ముక్కలుముక్కలుగా వినిపిస్తే ‘యూ ఆర్ బ్రేకింగ్ అప్’.