పిలిస్తే పారిపోయే టైగర్

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది నకిరేకల్ దగ్గర పల్లె. వీధిలో పుట్టిన కుక్కపిల్లను మా పిల్లలు తెచ్చి టైగర్ అని పేరు పెట్టారు. ఇప్పుడు దానికి నాలుగు నెలలు. పిలిస్తే రాదు, పైగా పారిపోతుంది. ఇంటికెవరొచ్చినా మీదికి ఎగురుతుంది, చెప్పులు ఎత్తుకుపోయి నములుతుంది. కట్టెతో రెండు తగిలిస్తే అదే దారికొస్తుందని మా మామయ్య అంటారు, తిండి పెట్టి నేర్పితే తిండి లేనిదే మాట వినదట. కొట్టడానికి నాకు మనసొప్పడం లేదు. ఏం చెయ్యాలి?

జవాబు: ముందు ఒకటి చెప్పండి, పిలిచినప్పుడు అది వస్తే మీరేం చేస్తున్నారు? చాలా ఇళ్లలో కుక్కను పిలిచేదే గొలుసు వెయ్యడానికి, స్నానం చేయించడానికి, లేదంటే తిట్టడానికి. నాలుగుసార్లు అలా జరిగాక ఐదోసారి ఎందుకొస్తుందమ్మా? ఈ తప్పు నేనూ చేశాను. మహబూబ్‌నగర్‌లో ఉన్న రోజుల్లో మా కుక్క గేటు తీసి ఉంటే బయటపడి, గంటసేపు ఎక్కడెక్కడో తిరిగి తనంతట తానే వచ్చింది, అప్పటిదాకా టెన్షన్‌తో చస్తున్న నేను చెప్పు తీసి ఒక్కటిచ్చాను. పారిపోయినందుకు కొట్టానని నా లెక్క. తిరిగొస్తే కొడతారని దాని లెక్క. తర్వాత రెండు నెలలు పిలిస్తే పదడుగుల దూరంలో ఆగి నా చేతుల వంకే చూసేది. పశువైద్యుడి ఇంట్లోనే ఇదీ పరిస్థితి.

అందుకని 'రా' అనే మాటతోనే మొదలుపెట్టండి. ఇంట్లోనే, రెండడుగుల దూరం నుంచి. వచ్చిన ఒకటి రెండు సెకన్లలోపు నోట్లో ముక్క పడాలి, మీరు వంటింట్లోకెళ్లి డబ్బా మూత తీసేలోపు అది ఇంకేదో పని మొదలుపెడుతుంది, అప్పుడు మీ బహుమతి ఆ పనికి పోతుంది. శనగ గింజంత ముక్క చాలు. ఆదివారం చికెన్ తెచ్చినప్పుడు మసాలా పట్టించకముందే నాలుగు ఎముకల్లేని ముక్కలు తీసి, విడిగా ఉడకబెట్టి, చిన్నగా తుంచి పెట్టుకోండి. కూరలోంచి మాత్రం తీయొద్దు, ఉల్లిగడ్డ కుక్కల రక్తాన్ని దెబ్బతీస్తుంది. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ అసలే వద్దు. ఉడికిన గుడ్డు, క్యారెట్ పర్వాలేదు. ఏది పెట్టినా రాత్రి తిండిలో ఆ మేరకు తగ్గించండి. గొలుసు వెయ్యాల్సొస్తే 'రా' అనకుండా మీరే దాని దగ్గరికి వెళ్లండి, ఆ మాట పాడు కాకూడదు.

'కూర్చో' ఇంకా సులువు. ముక్కను దాని ముక్కు దగ్గర పెట్టి, తల మీదుగా మెల్లగా వెనక్కి జరపండి, తల పైకి లేస్తుంది, వెనకభాగం దానంతటదే నేలకు ఆనుతుంది. ఆనగానే 'శభాష్' అని ముక్క ఇవ్వండి. నడుము నొక్కి కూర్చోబెట్టొద్దు. ఓ వారం చేశాక ఖాళీ చేత్తో అదే సైగ చేసి, ముక్క రెండో చేత్తో ఇవ్వండి. బాగా వచ్చేశాక ఒకసారి ముక్క, ఇంకోసారి ఉత్త మెచ్చుకోలు, అలా మెల్లగా తగ్గించుకుంటూ పోవాలి. మీ మామయ్య చెప్పిన ఇబ్బంది నిజమే, కానీ అది ముక్క చూపిస్తే తప్ప మాట చెప్పని ఇళ్లలో వస్తుంది. ఆయనకు డాల్ఫిన్ల సంగతి కూడా చెప్పండి. నీళ్లలో ఉన్న డాల్ఫిన్‌ను కట్టెతో బెదిరిస్తే లోపలికి మునిగిపోతుంది, అందుకే వాటికి ఈల ఊది చేప పెట్టి నేర్పిస్తారు. అంత పెద్ద జంతువు నేర్చుకోగా లేనిది టైగర్ నేర్చుకోదా?

మీదికి ఎగిరినప్పుడు వెనక్కి తిరిగి నిలబడండి, తిట్టినా తోసినా అది ఆటే అనుకుంటుంది. నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే ముద్దు చెయ్యండి. పిల్లలకూ ఇదే రూలు, ఒక్కరు తప్పినా లాభం లేదు. చెప్పుల విషయంలో కొంత తప్పు పళ్లది, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి, చిగుళ్లు దురద పెడతాయి. కొరకడానికి వేరే ఏదైనా ఇచ్చి, చెప్పులు అందనంత ఎత్తులో పెట్టండి. వెంటపడొద్దు, ముక్క చూపించి 'వదులు' అనండి.

ఒక్కోసారికి మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు చాలు. ఎండాకాలం మన నల్గొండలో పొద్దున ఏడు లోపే కానివ్వండి, తర్వాత సిమెంటు గచ్చు మీద దాని పాదాలు కాలతాయి. అన్నట్టు రేబిస్ టీకా వేయించారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. మూడు నెలలు నిండాక వేయించాల్సింది, వేయించకపోతే ఈ వారమే పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లండి, శిక్షణ ఆ తర్వాత.

ప్రశ్న: వనపర్తి నుంచి రాస్తున్నా సార్. మా ల్యాబ్రడార్ పిల్లకు నేను 'సిట్' అంటాను, నాన్న 'కూర్చో' అంటాడు, అవ్వ 'కూసో' అంటుంది. అది అవ్వ మాటే వింటోంది. ఇంగ్లిష్ కుక్క కదా, ఎందుకిలా?

జవాబు: దానికి ఇంగ్లిష్ రాదు తమ్ముడూ, తెలుగూ రాదు. ఏ చప్పుడు తర్వాత ఏం దొరుకుతుందో చూసుకుంటుంది అంతే. మీ ఇంట్లో జొన్నరొట్టె ముక్క ఎవరి చేతిలో ఉంటుందో ఓసారి గమనించు. ముగ్గురూ ఒకే మాట అనుకోండి, ఒక్కసారే చెప్పండి, 'సిట్ సిట్ సిట్' అని మంత్రం చదవొద్దు. ఆ ఒక్క మాట 'కూసో' అయితే మేలు, అవ్వను మార్చడం కంటే అది తేలిక.