ఎరువుల షాపులో గడిచిన ఏళ్లను దాచాలా?

ప్రశ్న: 2022లో మెకానికల్ బీటెక్ పూర్తి చేశాను. అప్పటినుంచి నాన్నగారి ఎరువుల షాపు చూసుకుంటున్నాను. ఇప్పుడు మెల్‌బోర్న్‌లో బిజినెస్ అనలిటిక్స్ మాస్టర్స్‌కి ఆఫర్ వచ్చింది. షాపులో కూర్చున్నానని రాస్తే వీసా రాదని, హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎక్స్‌పీరియన్స్ లెటర్ తామే ఇప్పిస్తామని, ఎందుకు చదవాలనుకుంటున్నామో వివరించే ఎస్‌ఓపీ కూడా తామే రాస్తామని కన్సల్టెన్సీవాళ్లు అంటున్నారు. నిజంగా చదువుకోవడానికే వెళ్తున్నానని ఎలా నిరూపించుకోవాలి? చాలా టెన్షన్‌గా ఉంది.
– పేరు వేయవద్దన్న పాఠకుడు, నరసరావుపేట

జవాబు: ముందు ఆ లెటర్ సంగతి. దయచేసి తీసుకోకండి. చదువులో వచ్చిన గ్యాప్ గురించి సరిగ్గా చెప్పలేక వీసా రాకపోతే, లోపం సరిచేసుకుని మళ్లీ అప్లై చేసుకోవచ్చు. దొంగ లెటర్ పెట్టి దొరికితే మాత్రం ఆస్ట్రేలియా వీసా నిబంధనల్లో 4020 అని ఒకటుంది, దాని కింద తిరస్కరిస్తే స్టూడెంట్ వీసా ఒక్కటే కాదు, ఆ నిబంధన వర్తించే ఏ వీసా అయినా మూడేళ్లపాటు రావడం కష్టమే. లెటర్ ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోవచ్చు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ అడగొచ్చు. అప్పుడు కన్సల్టెన్సీవాళ్లకు పోయేదేమీ లేదు, రికార్డు పాడయ్యేది మీదే.

ఇక అసలు విషయం. 2024 మార్చి 23 నుంచి ఆస్ట్రేలియా తాత్కాలికంగా ఉండటానికే వస్తున్నామని చూపించాల్సిన పాత జీటీఈ పద్ధతిని తీసేసి, నిజంగా చదువుకోవడానికే వస్తున్నారా అని చూసే 'జెన్యూన్ స్టూడెంట్' పద్ధతి పెట్టింది. ఇప్పుడు ఆన్‌లైన్ అప్లికేషన్‌లోనే ప్రశ్నలుంటాయి: ఇక్కడ మీ కుటుంబం, పని, ఆర్థిక పరిస్థితి ఏమిటి, ఈ కోర్సు ఈ యూనివర్సిటీలోనే ఎందుకు, అది చదివితే మీకేం లాభం. ఒక్కో జవాబు 150 పదాలు మించకూడదు, ఇంగ్లిష్‌లో రాయాలి. ఆ కాస్త చోటులో 'ప్రపంచస్థాయి విద్య' లాంటి మాటలు నింపితే మీ గురించి చెప్పడానికి ఏం మిగులుతుంది? పైగా ఆధారం లేని మాటకు విలువ తక్కువ.

నిజానికి మీ షాపే మీ బలం. పత్తికి, మిర్చికి ఏ ఎరువు ఎప్పుడు ఎంత తెప్పించాలి, పంట డబ్బులు వచ్చేదాకా ఏ రైతుకి ఎంత అరువివ్వాలి, ఎరువుల అమ్మకాలు నమోదు చేసే ఈ-పాస్ మెషీన్‌లో లెక్కకీ గోడౌన్‌లో సరుకుకీ తేడా వస్తే ఎక్కడ వెతకాలి, ఇవన్నీ రోజూ చూసినవాడు డేటా చదువుతానంటే అందులో అర్థముంది. అదే రాయండి, చేసినంత వరకే రాయండి. యూనివర్సిటీ సైట్ తెరిచి కోర్సులోని సబ్జెక్టులన్నీ చదవండి, అందులో ఒకట్రెండు సబ్జెక్టులు మీ షాపులోని ఏ సమస్యకు పనికొస్తాయో చెప్పండి. వాటితోపాటు షాపు లైసెన్స్, జీఎస్‌టీ రిటర్నులు, మీరేం పని చూస్తున్నారో వివరిస్తూ నాన్నగారి సంతకంతో లెటర్ పెట్టండి. మెకానికల్ నుంచి ఇటు ఎందుకు మారుతున్నారో ఒక్క వాక్యంలోనైనా చెప్పాలి, లేకపోతే చదివేవాళ్లకు మొదట వచ్చే అనుమానం అదే. బ్యాక్‌లాగ్స్ ఉంటే మార్కుల లిస్టులో ఎలాగూ కనపడతాయి, దాచకండి.

చదువయ్యాక తిరిగొస్తానని ప్రమాణాలు చేయక్కర్లేదు. చదివిన తర్వాత అర్హత ఉంటే పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) అప్లై చేసుకునేవాళ్లు ఉంటారని ఈ కొత్త పద్ధతే ఒప్పుకుంటుంది. అయితే కోర్సు ఎందుకు అన్న ప్రశ్నకు పీఆర్ జవాబు కాకూడదు. ఏ ఉద్యోగం, ఎంత జీతం వస్తుందని అనుకుంటున్నారో, ఆ అంచనా ఎక్కడిదో రాయండి.

డబ్బు విషయం క్లుప్తంగా: 2024 మే 10 నుంచి ఏడాది ఖర్చులకు 29,710 ఆస్ట్రేలియన్ డాలర్లు, దానిమీద మొదటి ఏడాది ఫీజు, ప్రయాణ ఖర్చు చూపాలి. బ్యాంకు లోను మంజూరు పత్రం నిక్షేపంగా పనికొస్తుంది. నిన్న మొన్న ఖాతాలో పడిన పెద్ద మొత్తం ఎక్కడిదో చెప్పలేకపోతేనే ఇబ్బంది.

ఇంకొకటి. 2025 జూలై 1 నుంచి వీసా ఫీజు 2,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, రిజెక్ట్ అయితే తిరిగివ్వరు, ఇండియా నుంచి అప్లై చేసినవాళ్లకు ట్రిబ్యునల్‌లో అప్పీలు అవకాశం కూడా మామూలుగా ఉండదు. అందుకే తొందరపడొద్దు. ముందు తెలుగులోనే రాసుకోండి, ఇంగ్లిష్ దిద్దించుకోండి. అప్పటికి ఆఫర్ గడువు దాటిపోయేలా ఉంటే తర్వాతి ఇన్‌టేక్‌కి (అడ్మిషన్ల విడతకు) మార్చమని యూనివర్సిటీకి మీరే మెయిల్ పెట్టండి, కన్సల్టెన్సీ ద్వారానే అడగాలని లేదు.