రెండు రూపాయల వడ్డీకి తెచ్చి సోలార్ పెట్టించొద్దు

ఏలూరు దగ్గర ప్రభుత్వ కాలనీలో సెంటు స్థలంలో ఇల్లు, కుట్టుమిషన్ పని, నెలకు 160 యూనిట్ల కరెంటు. ఏజెంటు వచ్చి 15 వేలు చేతిలో పెడితే డాబా మీద సోలార్‌కు సబ్సిడీ తనే ఇప్పిస్తానంటున్నాడు, మిగతా ఖర్చుకు రెండు రూపాయల వడ్డీకి తేనా అని ఒక చెల్లెమ్మ అడిగింది.

వద్దమ్మా. ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం పీఎం సూర్యఘర్. దాని దరఖాస్తుకు ఏజెంటుతో పనే లేదు, ఆ పథకం పోర్టల్‌లో మీరే పెట్టుకోవచ్చు. 2 కిలోవాట్లకు కేంద్రం 60,000 ఇస్తుంది, మీరు బీసీ అని రాశారు కాబట్టి రాష్ట్రం నుంచి ఇంకో 20,000. కానీ ఆ డబ్బు ముందు రాదు. ప్యానెళ్లు బిగించి, నెట్ మీటరు (మీరు వాడిన కరెంటు, బయటికి పంపిన కరెంటు రెండూ లెక్కించేది) పెట్టి, డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) వాళ్లు చూసి వెళ్లాకే ఖాతాలో పడుతుంది, అందాకా లక్ష పైన ఖర్చు మీ నెత్తినే ఉంటుంది. సబ్సిడీ వచ్చాక కూడా 40 వేలు అప్పు మిగిలిందనుకోండి, రెండు రూపాయల లెక్కన నెలకు 800 వడ్డీ. మీ 160 యూనిట్లకు ఎనర్జీ చార్జీలు, అంటే వాడిన యూనిట్లకు పడేవి, 627. అంటే ఆ చార్జీలన్నీ పోయినా వడ్డీకి చాలదు! తీసుకుంటే బ్యాంకు సోలార్ లోనే తీసుకోండి, 3 కిలోవాట్ల దాకా తాకట్టు అడగరు, వడ్డీ ఏడాదికి 6 శాతం అటూఇటుగా ఉంటుంది.

నన్నడిగితే ముందు ఫ్యాన్లు మార్చండి. పాత ఫ్యాను 75 వాట్లు తాగితే బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం) 30 తాగుతుంది, రోజుకు 15 గంటలు తిరిగే రెండు ఫ్యాన్లు మారిస్తే నెలకు 40 యూనిట్లు తగ్గుతాయి. 125 దాటాక యూనిట్ 6 రూపాయలు కదా, ముందు తగ్గేవి ఆ ఖరీదైన యూనిట్లే, కాబట్టి వేసవిలో నెలకు 230 దాకా మిగులుతుంది. రెండింటికీ కలిపి ఐదారు వేలు, చీటీ డబ్బుతో అయిపోతుంది. మూడు బిల్లులు చూశాక సోలార్ సంగతి ఆలోచించండి, తక్కువ యూనిట్లు, తక్కువ రేటు స్లాబులో ఉన్నవాళ్లకి అది నిదానంగానే గిట్టుబాటవుతుంది.

అప్పటికీ పెట్టించాలనిపిస్తే డాబా ఎక్కి చూడండి. కిలోవాట్‌కు దాదాపు 100 చదరపు అడుగులు నీడ పడని చోటు కావాలి. నీళ్ల ట్యాంకు నీడ ఉదయం పదింటికి, మధ్యాహ్నం మూడింటికి ఎక్కడిదాకా వస్తుందో సుద్దముక్కతో గీయండి. ఇంకోటి, పట్టా మీ పేరున, మీటరు మీ ఆయన పేరున ఉన్నాయా? మీటరు ఎవరిదైతే దరఖాస్తు, బ్యాంకు ఖాతా వాళ్లవే ఉండాలి, తేడా ఉంటే పేరు మార్పు ముందే చేయించుకోండి.