రోహిణి కార్తెలో బండెక్కుతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీర్వదించి రాయునది.

పన్నెండు టైర్ల బండి నీ చేతికిచ్చారనీ, వచ్చే వారం గుంటూరు కోల్డ్ స్టోరేజీ నుంచి మిర్చి లోడుతో ఢిల్లీ వెళ్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. సంతోషం. మూడేళ్లు నా దగ్గర క్లీనర్‌గా చేశావు కాబట్టి స్టీరింగ్ గురించి నీకు చెప్పేదేం లేదు. అప్పట్లో టైర్లు తట్టి చూడటం నీ పని, తట్టావా లేదా అని అరవడం నా పని. ఇప్పుడు రెండూ నీవే. ఫోన్లో చెబితే "సరే మామా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

రోహిణి కార్తెలో ముందు చూసుకోవాల్సింది టైరు. గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూసుకో. మధ్యాహ్నం చూస్తే మీటరు ఎక్కువే చూపిస్తుంది. వేడికి గాలి వ్యాకోచిస్తుంది కదా. అది చూసి గాలి తీసెయ్యకు. నేను ఆ తప్పు చేశాను. సూర్యాపేట దాటాక ఒక ధాబా దగ్గర ఆగి, టైరు కాలిపోతోందని కొంచెం గాలి వదిలాను. గాలి తగ్గిన టైరు ఎక్కువ నలుగుతుంది, నలిగినకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. గంట తిరక్కుండానే పేలింది. వెనక టైరు కాబట్టి సరిపోయింది, ముందు టైరయితే బండి నా మాట వినేది కాదు. అరిగిన టైరుకు కొత్త రబ్బరు అతికించిన రీట్రేడింగ్ టైరు ముందు వేస్తానని ఎవరన్నా, ఓనరే అన్నా, ఒప్పుకోకు.

జంట టైర్లలో లోపలిది మోసం చేస్తుంది. దాంట్లో గాలి దిగినా బయటిది నిలబెట్టేస్తుంది, చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది. బరువంతా బయటిదాని మీద పడి చివరికి రెండూ పోతాయి. ఆగిన ప్రతిచోటా కర్రతో తట్టు. గాలి ఉన్నది ఖంగుమంటుంది, లేనిది బద్దగా పలుకుతుంది. రెండింటి మధ్య రాయి ఇరుక్కుందేమో కూడా చూడు. తర్వాత చక్రాల మధ్య హబ్బుల దగ్గర చెయ్యి తగలకుండా పెట్టి చూడు. ఒక్కటి మాత్రం మిగతావాటికంటే సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టేసిందనో, బేరింగు పోతోందనో అర్థం.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసి సరిపెట్టుకోకు, లోపల సున్నంలా పేరుకుంటుంది. కూలెంటే పొయ్యి. పోయిన సీజన్లో ఆ బండి పత్తి తోలిందట. రేడియేటర్ రేకుల మధ్య దూది, దుమ్ము పేరుకుని ఉంటాయి, బయల్దేరే ముందు ఊదించు. ఇంజను వేడెక్కితే పక్కన ఆపి చల్లారేదాకా ఆగు. వేడి మీద మూత తిప్పి ముఖం కాల్చుకున్నవాళ్లను చూశాను.

2025 అక్టోబర్ నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. నీది అంతకుముందు బండి. కాబట్టి పన్నెండు నుంచి నాలుగు దాకా చెట్టు నీడే నీ ఏసీ. చట్టం 1961 నుంచీ రోజుకు ఎనిమిది గంటల పనే అంటోంది. మన లైన్లో అది ఎంతమంది పాటిస్తున్నారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కనీసం తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య కళ్లు మూతపడుతుంటే మాత్రం ఎవరు ఫోన్ చేసినా ఆపెయ్యి.

తిరుగు ప్రయాణానికి మృగశిర వచ్చేస్తుంది. తొలకరి పడిన మొదటి అరగంటే రోడ్డు బాగా జారుతుంది, ఎండాకాలమంతా పేరుకున్న ఆయిలూ దుమ్మూ కలిసి బురదవుతాయి. ఖాళీ బండి అయితే ఇంకా జాగ్రత్త. ఇంజను పొగను అడ్డుకుని వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు తడి రోడ్డు మీద ఒక్కసారిగా వేస్తే వెనక చక్రాలు పక్కకు జారతాయి. రోజూ పొద్దున బ్రేకుల గాలి ట్యాంకుల కింద రింగు లాగి నీళ్లు వదిలెయ్యి, డీజిల్ ఫిల్టరు కింద నీళ్లూ అంతే. నీళ్లలోంచి వచ్చాక నెమ్మదిగా పోతూ రెండు మూడుసార్లు బ్రేకు తేలిగ్గా తొక్కితే లైనర్లు ఆరుతాయి.

మారేడుమిల్లి ఘాట్ లోడు ఎప్పుడైనా వస్తే, ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు. న్యూట్రల్‌లో దిగితే డీజిల్ మిగులుతుందనే మొనగాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఘాట్‌లో బ్రేకు ఒక్కసారి కాలిందంటే ఇక పట్టదు.

వాగు పొంగితే హీరోలా ముందుకు పోకు. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్ హైవే మీదికే నీళ్లొచ్చాయి. అంత పెద్ద రోడ్డే ఆగిపోయింది. నీళ్ల కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైనుంచి తెలియదు. మిర్చి ఒక రోజు ఆలస్యమైతే ఏమీ కాదు, తడిస్తే బూజు పడుతుంది. టార్పాలిన్ పట్టా మధ్యలో నీళ్లు నిలవకుండా వాలుగా కట్టు.

చలికాలం నీకింకా దూరం. కానీ ఢిల్లీ లైను పడ్డావు కాబట్టి రెండు మాటలు. ఆగ్రా దాటాక డిసెంబర్, జనవరిల్లో మంచులో పైలైటు వేస్తే ఎదురుగా తెల్లగోడే కనిపిస్తుంది. లైటు కిందికే ఉంచు. ముందు బండి ఎర్రలైటు పట్టుకుని వెనకాలే పోకు, వాడు ఆగితే నువ్వూ అక్కడే. ఆపాల్సి వస్తే రోడ్డు మీద కాదు, ధాబాలోకి దించు. అక్కడ చలికి బొగ్గుల కుంపటి క్యాబిన్లో పెట్టుకుని అద్దాలు బిగించి పడుకుంటారు. ఆ పొగలో విషవాయువుకు వాసన ఉండదు, పడుకున్నవాళ్లు లేవరు. రెండు దుప్పట్లు ఎక్కువ పెట్టుకో.

పొగను శుభ్రం చేయడానికి పోసే యాడ్‌బ్లూ సంగతి నాకు తెలియదనుకోకు. 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక పక్కింటి కుర్రాడి బండిలో చూశాను. ఖర్చు మిగులుతుందని అందులో నీళ్లు కలిపే తెలివి మాత్రం వద్దు.

లోడు ఎక్కేలోపు ఆటోనగర్‌లో వైపర్ రబ్బర్లు మార్పించు. ఎండకు గట్టిపడి ఉంటాయి, వాన వచ్చాక చూసుకుంటే అద్దం మీద గీతలే మిగులుతాయి. ఆ రోజు ఇంటికొచ్చి భోంచేసి వెళ్లు. టైర్లు తట్టే నా కర్ర తలుపు వెనకే ఉంది, తీసుకెళ్దువుగాని.

మీ మామయ్య